రోలు అవతల, రోకలి ఇవతల

చేటలో బియ్యం ఎగిరిపడుతున్నాయి. రెండు దెబ్బలు పైకి, ఒకటి పక్కకి. ఊక గోడవైపు తేలిపోతోంది, నూకలు చేట మూలకి జారుతున్నాయి, అక్కడక్కడ మిగిలిన వడ్లగింజల్ని రత్నమాణిక్యం బొటనవేలితో అంచుదాకా తెచ్చి నేలమీదికి మీటుతోంది. చేతికి కొత్తపని కాదు గనక కళ్ళు దానిమీద లేవు. చెవులు అసలే లేవు, అవి రెండూ గోడ అవతల ఉన్నాయి. “ముగ్గురం తినడానికి అన్ని బియ్యమేంటమ్మాయ్, సంతర్పణ గానీ పెడుతున్నావా?” అని నులకమంచం మీంచి అత్తగారు ఆండాళ్ళమ్మ అడిగాక గానీ తన ముందున్న కుప్ప ఆమెకి కనిపించలేదు. నిజమే, బాగా ఎక్కువ పోసింది. ఈ చేయి ఇంకా రాజమండ్రి జైలు వంటశాలలోనే ఉంది, దానికి గిన్నె అంటే గంగాళం, పిడికెడు అంటే దోసెడు. ఇంటికొచ్చిన మర్నాడు ఉప్మా చేస్తానని కూచుంటే బాణలి చాలక గుండిగ దింపాల్సొచ్చింది. ఉప్పు కూడా ఆ లెక్కనే పడింది. భర్త జగన్నాథం మారుమాట లేకుండా తినేసి, చెంబెడు మంచినీళ్ళు గటగటా తాగేసి, ఇంకో చెంబు చేత్తో పట్టుకుని పొలం వెళ్ళిపోయాడు. మిగిలింది గేదెకి పెడితే అదీ మూతి తిప్పుకుంది. అది చూసి అత్తగారు ఆపుకోలేక నవ్వేసింది, ఆవిణ్ణి చూసి మాణిక్యం నవ్వింది, నవ్వుతుంటే పక్కటెముకలు నొప్పెట్టాయి, ఇన్నాళ్ళూ వాడని తలుపు తీసినట్టు. “అలవాటైపోతుంది లెండి అత్తయ్యగారూ,” అంది ఇప్పుడు, కుప్పలోంచి సగం తీసి డబ్బాలో పోయబోయి, ఆగి, మళ్ళీ చేటలోనే పోసుకుంది. ఇవాళ ఎక్కువే ఉండనీ. చేతులు ఊరుకుంటే చెవులు ఇంకా పెద్దవైపోతాయి.

గోడ అవతల మరిది రామచంద్ర ఇల్లు. ఒకప్పుడు రెండూ ఒకటే ఇల్లు, ఒకటే దొడ్డి, గుండుగొలనులో అందరూ దాన్ని పెద్దవాకిలివారి ఇల్లు అనేవాళ్ళు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ లేచింది. అన్నీ సగం సగం చేసినవాళ్ళు రోటి దగ్గరకొచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయారు. తాతలనాడు నేలలో పాతిన నల్లరాతి రోలు, పెకలిస్తే పగులుతుందన్నారు. సరే, రోలు ఎటుంటే అటే అని గోడ దానికి ఇవతలగా కట్టారు, రోలు రామచంద్ర దొడ్లోకి పోయింది. ఆ రోటికి జతైన రోకలి, సండ్రకర్ర చేవది, కొసకి ఇనప పొన్ను తొడిగింది, ఆ రోజు ఎందుకో మాణిక్యం వంటింటి మూల ఉండి ఇటే ఉండిపోయింది. పెళ్ళంటూ వస్తే ఈ రెండూ కలవాలి. ఈ ఇంటి పెళ్ళి పనులు పసుపు కొట్టడంతో మొదలవుతాయి. అయిదుగురు ముత్తైదువలు రోటి చుట్టూ నిలబడతారు, పసుపు కొమ్ములు రోట్లో వేస్తారు, మొదటి పోటు ఇంటి పెద్దకోడలు వేస్తుంది, ఆ తరవాతే మిగతావాళ్ళు. ఆండాళ్ళమ్మ అలాగే వేసింది, ఆవిడ అత్తగారూ అలాగే వేసింది. ఇవాళ మనస్వికి పసుపు కొడుతున్నారు. రామచంద్ర ఒక్కగానొక్క కూతురు మనస్వి, తాడేపల్లిగూడెం సంబంధం, పెళ్ళికొడుక్కి అక్కడ ఎరువుల కొట్టు. వర్జ్యం రాకముందే కానిచ్చెయ్యాలి. పెద్దకోడలు ఇక్కడ, గోడకి ఇవతల, బియ్యం చెరుగుతోంది.

నిన్న పిలుపులు. పొద్దు వాలుతుండగా తోడికోడలు శ్రీదుర్గ కుంకం భరిణె పట్టుకుని, వెనక ఇద్దరు చుట్టాల ఆడవాళ్ళతో వీధి మొదట్లోంచి బయల్దేరింది. ఇంటింటి గుమ్మంలో నిలబడి, నుదుట బొట్టు పెట్టి, “రేపు మా అమ్మాయికి పసుపు కొడుతున్నామండీ, మీరు తప్పకుండా రావాలండీ” అని వినిపిస్తూనే ఉంది. అలా బొట్టు పెట్టి పిలవకపోతే ఈ వీధిలో అది పిలుపు కాదు. మాణిక్యం మొహం కడుక్కుంది, తల దువ్వుకుంది, మళ్ళీ కడుక్కుంది, తలుపు వెనక నిలబడింది. తలుపు వెనక నిలబడ్డం ఆమెకి బాగా వచ్చు. ఇనప తలుపు ఎవరో తీసేదాకా, పేరు పిలిచేదాకా, కాళ్ళు కదపకుండా, మనసు మాత్రం ఎక్కడికో పంపించి నిలబడ్డం. మూడిళ్ళవతల మాట, రెండిళ్ళవతల మాట, తరవాత పట్టుచీరల గరగర, తరవాత గాజులు, సరిగ్గా తన గుమ్మం ముందు గాజులు ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, ఆగాయో లేదో, సాగిపోయాయి. పక్కింటివాళ్ళ గుమ్మంలో మళ్ళీ అదే మాట, “మీరు తప్పకుండా రావాలండీ.” ఆగాయా? ఆగకపోయినా ఆగినట్టు తన చెవే అనుకుందా? అన్నంలోకి కూచున్నా అదే, పడుకున్నా అదే. బొట్టు పెట్టకుండా వెళ్ళిపోయింది. శ్రీదుర్గ బొట్టు పెట్టకుండా వెళ్ళిపోయింది.

పెట్టకపోతే పెట్టకపోయింది. తప్పెవరిదని? వడ్లగింజ ఒకటి గోటికింద గుచ్చుకుంది, తీసి పారేసింది. తను చేసింది తను ఎప్పుడూ ఇంకోలా చెప్పుకోలేదు. రామచంద్ర తన వాటా పొలం చేపల చెరువుకి కౌలుకిచ్చాడు. చెరువు నిండిన దగ్గర్నించీ ఊటనీరు గట్టుకింద నించి వీళ్ళ చేలోకి వచ్చేది, ఆ యేడు రెండోపంట దాళ్వా నారు మొత్తం కుళ్ళి వాసనకొట్టింది. జగన్నాథం నెమ్మదస్తుడు, పోనీలే పోనీలే అంటూనే ఉన్నాడు. మునిమాపువేళ తనే పార భుజాన వేసుకుని గట్టు తెగ్గొట్టి నీళ్ళు మళ్ళిద్దామని వెళ్ళింది. రామచంద్ర అడ్డొచ్చాడు. మాటకి మాట. “పిల్లాజెల్లా లేనివాళ్ళకి ఈ పొలం మీద ఇంత పాకులాట ఎందుకు వదినా?” అన్నాడు. ఆ మాట గాలిలో ఉండగానే పార లేచింది. అతని కుడిచెయ్యి మోచేతికింద విరిగింది, నరాలు తెగాయి, వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. ఏలూరు కోర్టులో, కాలుజారి పడ్డాను, పార తగిలింది అని చెప్పమ్మా అన్నాడు వకీలు. జడ్జిగారు అడిగితే “కాలు జారలేదండీ” అంది. వకీలు ఫైలు మూసేసి కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పుడు మనస్వి పదో తరగతి పరీక్షలు రాస్తోంది. ఇప్పుడు పెళ్ళికూతురు. మధ్యలోదంతా ఇనప తలుపుల అవతల గడిచింది. పడ్డ శిక్ష అనుభవించింది, మంచి నడవడి అని కొంత తగ్గిస్తే ఆ తగ్గింపూ తీసుకుంది, కార్తీకం వెళ్ళాక బయటికొచ్చింది. పార ఎత్తిన ఈ చెయ్యి ఇవాళ ఆ పిల్ల పసుపు కొట్టొచ్చా? ఇదే ప్రశ్న. మిగతావన్నీ దీని చుట్టూ ఎగిరే ఊక.

జైల్లో పక్క పరుపు ఏంజెల్‌ది. కొల్లేటికోట పిల్ల, నీళ్ళలో పుట్టినట్టు మాట్లాడేది, నవ్వించేది. తనని వదిలిపెట్టేరోజు దగ్గరికొచ్చినప్పుడు పాఠం చెప్పింది. “తలొంచుకుని నడిచావనుకో అక్కా, ఇంకో తప్పు చేసొచ్చినట్టుంటది. తల ఎత్తు. మరీ ఎత్తమాకు, గుంటలో పడతావు.” ఏంజెల్ ముందే బయటికెళ్ళి ఇప్పుడు ఏలూరు చేపల బజార్లో కూచుంటోంది. “ఎక్కడి చేపలూ అని అడుగుతారక్కా, ఎక్కడి మనిషివి అని ఒక్కళ్ళూ అడగరు, సుఖంగా ఉంది” అంటుంది ఫోనులో. ఇక్కడ అలా కాదు, ఇక్కడ అందరూ మర్యాదస్తులు. బస్సు దిగినరోజే కాలవ దగ్గర ఎదురైన పెద్దావిడ “రాజమండ్రి నించి ఎప్పుడొచ్చారండీ?” అంది, పుష్కరాలకెళ్ళొచ్చినట్టు. “కాస్త ఒళ్ళు చేశారండీ, అక్కడి నీళ్ళు పడ్డట్టున్నాయి.” మాణిక్యం ఆవిడ కళ్ళలోకి చూసి “గోదారి నీళ్ళు కదండీ, జైల్లో అయినా అవేనండీ” అంది. ఆవిడకి పొలమారింది. మర్నాటి నించీ ఊళ్ళో రాజమండ్రి మాట తగ్గింది, జైలు మాట పైకొచ్చింది. అది నయం. ఉన్న పేరుతో పిలిచినదాన్ని ఎదుర్కోవచ్చు. పాలకేంద్రానికి వెళ్ళడం మొదలెట్టింది, వరసలో నిలబడింది, ముందావిడ ఎడంగా జరిగితే తను జరగలేదు, ఉన్నచోటే ఉండి పలకరించింది. తల ఎత్తింది, మరీ ఎత్తలేదు. నెల తిరక్కుండా ముందావిడ కూడా జరగడం మానేసింది.

కష్టమైంది బయట కాదు, ఇంట్లోనే. తలుపు చేరేసి ఉంటే చాలు, స్నానాలగది ముందు కూడా నిలబడిపోయేది, ఎవరో తీస్తారని. “తోసుకు పోవే, దానికి గడియ కూడా లేదు” అనేది అత్తగారు. కదిలితే చెప్పడం ఒకటి. దొడ్లోకి వెళ్తున్నానండీ. నీళ్ళు తెస్తున్నానండీ. దీపం పెట్టొస్తానండీ. జగన్నాథం నాలుగురోజులు విని, “మాణిక్యం, నాకు చెప్పక్కర్లేదు. ఇల్లు ఇది” అన్నాడు మెల్లగా. అయినా నోరు మానలేదు. మనస్వి మాత్రం ఎవరికీ చెప్పకుండా వచ్చింది. తను వచ్చిన మూడోనాడు దీపాలవేళ గుమ్మంలో నీడ పడింది, తల ఎత్తితే పొడుగ్గా ఎదిగిపోయిన పిల్ల. ఈ చేతులమీద పెరిగింది, నీళ్ళు పోసిందీ అన్నాలు పెట్టిందీ ఇవే చేతులు. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకుంది. పిల్ల వచ్చి వీపు తిప్పుకుని కింద కూచుని “దొడ్డమ్మా, జడ వేస్తావా?” అంది. “అమ్మకి చెప్పొచ్చావా?” “అడిగితే చెప్తాలే. గట్టిగా వెయ్యి, అమ్మ వేస్తే మధ్యాన్నానికే ఊడిపోద్ది.” మూడు పాయలు, పాయ మీద పాయ. అంత బరువైన జడ ఎన్నాళ్ళయింది చేతికి తగిలి. పిల్ల జడ వేయించుకుని వెళ్ళింది, ఆ జడతోనే వాళ్ళమ్మ ముందు తిరిగి ఉంటుంది. శ్రీదుర్గ ఆ జడ ఎవరు వేశారో చూడగానే పోల్చేస్తుంది. విప్పించిందా? మర్నాడు పిల్ల కాలేజీ బస్సెక్కుతుంటే మాణిక్యం కిటికీలోంచి చూసింది. అదే జడ. విప్పలేదు.

రామచంద్ర కూడా అంతే, ఏదీ పూర్తిగా తేల్చడు. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు కాలవ గట్టుమీద ఎదురయ్యాడు, ఎడంచేత్తో గొడుగు, కుడిచెయ్యి చొక్కా జేబులో దోపుకుని. ఇద్దరు నడవడానికి చోటు లేని గట్టు. అతను ఆగి, గట్టు దిగి, గడ్డిలో నిలబడ్డాడు. వదినా అనలేదు, మొహం తిప్పుకోలేదు. తోవ ఇచ్చాడు. పెద్దదానికి ఇచ్చిన తోవా? పార పట్టినదానికి ఇచ్చిన తోవా? ఆమె నడిచి వెళ్ళిపోయింది గానీ ఆ గడ్డిలో నిలబడ్డ మనిషి కాళ్ళు ఇప్పటికీ కళ్ళముందు ఉన్నాయి, చెప్పులు తడిసి.

అవతల సందడి పెరిగింది. పేరంటాళ్ళు వచ్చినట్టున్నారు, ఎవరో పిల్లని దీవిస్తున్నారు, ఎవరో చీర ధర అడుగుతున్నారు. కొమ్ములు పళ్ళెంలో పోసిన చప్పుడు, గలగలమని. ఇప్పుడు పడుతుంది మొదటి పోటు. చేట ఆగింది. పడలేదు. ఊరి మధ్యలో రోకళ్ళకేం కరువు, ఎవరింట్లోంచో తెచ్చుకునే ఉంటారు. ఇప్పుడు పడుతుంది. పడలేదు. వీధిచివరి పిన్నిగారి గొంతు గోడ దాటి వచ్చింది, “ఏమే దుర్గా, వర్జ్యం ముంచుకొస్తోంది, కానిచ్చెయ్యరాదూ? రోకలి లేకపోతే మా ఇంటినించి పట్రమ్మంటాను.” శ్రీదుర్గ గొంతు, తగ్గించి, “ఉండండి పిన్నిగారూ, కాస్సేపు.” “కాస్సేపేంటే, దేనికీ?”

దేనికి? నూకలు ఒకవైపు, బియ్యం ఒకవైపు. దేనికి ఆగడం? పంతులుగారు రాలేదా, పసుపు కొట్టడానికి పంతులుగారెందుకు. చిన్నాడపడుచు పెళ్ళి గుర్తొచ్చింది, గోడ లేవకముందు. తను పెద్దకోడలు, కుంకం భరిణె తనది, పక్కన కొత్తకోడలు శ్రీదుర్గ పళ్ళెం పట్టుకుని. వీధంతా పిలిచి ఇంటికొచ్చాక, సరదాకి, మర్యాదకి, ఇంకో బొట్టు తీసి శ్రీదుర్గ నుదుట పెట్టబోయింది, “మీరు కూడా రావాలండోయ్” అని. అత్తగారు చూసి ఒక్క అరుపు అరిచింది. “చాల్లే సంబడం! ఇంటి కోడలికి బొట్టు పెట్టి పిలుపేంటి? పిలిస్తే పరాయిదైపోదూ? పిలిచేవాళ్ళు మీరు, వచ్చేవాళ్ళు వాళ్ళు.” శ్రీదుర్గ నాలిక్కరుచుకుని తల వెనక్కి లాక్కుంది, కుంకం ముక్కుమీద రాలింది, ఇద్దరూ వంటింట్లోకి పారిపోయి నవ్వుకున్నారు. పిలిస్తే పరాయిది. నిన్న గాజులు తన గుమ్మంలో ఆగి సాగిపోయాయి. వీధిలో అన్ని గుమ్మాల్లోనూ పిలిచి ఇక్కడ పిలవలేదు. వెలి వేసినా అంతే, ఇంటిమనిషనుకున్నా అంతే, రెంటికీ గుర్తు ఒకటే. జైల్లో పిలిస్తేనే వెళ్ళాలి, పిలవకుండా అడుగు వేస్తే తప్పు. ఆ లెక్క తెచ్చుకుని ఈ గుమ్మంలో పెట్టుకుని, రాత్రంతా దాన్నే లెక్కపెట్టుకుంది. అయినా ఏమో. శ్రీదుర్గ మనసులో ఏముందో శ్రీదుర్గకే తెలియాలి. శ్రీదుర్గ ఒక్కతే అయితే సరే, విరిగిన చెయ్యి ఆమెది కాదే, అతనిది.

గోడ అవతల నీళ్ళ చప్పుడు. రోలు కడుగుతున్నారు. ఇందాక కూడా కడిగినట్టుంది, అంతకుముందూ. మాణిక్యం చేట ఒళ్ళో పెట్టుకుని విన్నది. చెంబుతో నీళ్ళు పోసిన చప్పుడు. చెంబు రాతిమీద పెట్టిన చప్పుడు. అప్పుడు పీచుతో రుద్దుతున్న చప్పుడు. రుద్దడం ఆగింది, చెంబు ఎత్తారు, నీళ్ళు పోశారు, మళ్ళీ చెంబు కింద పెట్టారు, మళ్ళీ రుద్దారు. రోలు కడిగేవాళ్ళు ఎవరైనా ఒకచేత్తో పోస్తూ ఒకచేత్తో రుద్దుతారు. కింద పెట్టి రుద్దడం, రుద్దడం ఆపి పొయ్యడం, అలా ఎవరు... పిన్నిగారి గొంతే మళ్ళీ, ఈసారి నవ్వుతూ, “అయ్యో రామచంద్రా, ఆడవాళ్ళం ఇంతమందిమి ఉండగా రోలు దగ్గర నీకేం పని బాబూ? ఇప్పటికి మూడుసార్లు కడిగావు, అరిగిపోతుంది నాయనా!” అందరూ నవ్వారు. చెంబు ఎత్తిన చప్పుడు. నీళ్ళు. చెంబు పెట్టిన చప్పుడు.

మాణిక్యం చేట దించింది. కోపం వస్తుందేమో, ఏడుపొస్తుందేమో అని చూసుకుంది, ఏదీ రాలేదు, ఒళ్ళంతా తేలిగ్గా, చెరిగిన బియ్యంలా ఉంది. వెళ్ళాక తిప్పి పంపితే తిరిగొస్తుంది, ఎంత దూరమని, ఒక గోడ. ఏ మొహం ఎలా పెడతారో అక్కడ చూసుకోవచ్చు. వంటింటి మూలకెళ్ళింది. రోకలి బూజు పట్టి లేదు. వచ్చిన మొదటివారమే తుడిచి నిలబెట్టింది, ఎందుకో అప్పుడు తెలియలేదు. తొట్టి దగ్గర కడిగింది. పొన్ను చుట్టూ పసుపు రాసింది, మూడు కుంకంబొట్లు పెట్టింది, తులసికోట దగ్గరి మామిడికొమ్మ నించి ఒక ఆకు తెంపి పసుపుతాడుతో నడుమున కట్టింది. అద్దం ముందు నిలబడి తన నుదుట బొట్టు తనే పెట్టుకుంది, కాస్త పెద్దదే. రోకలి ఎత్తి భుజాన వేసుకుంది. బరువైనదే గానీ జైలు వంటశాలలో గంగాళాలు మోసిన భుజం ఇది. ఒకరోజు ఈ వీధి తన భుజాన పార చూసింది, ఇవాళ రోకలి చూస్తుంది. చూడనీ. పక్కకి జరిగేవాళ్ళు జరుగుతారు, కొసలు తగలకుండా మంచిదే. ఏంజెల్‌కి చెబితే పడీ పడీ నవ్వుతుంది.

మంచంమీద ఆండాళ్ళమ్మ లేచి కూచుంది. భర్త పోయిన మనిషి, రోటి దగ్గరికి తను వెళ్ళకూడదు, వెళ్ళమని ఒకరికి చెప్పనూ లేదు ఇన్నాళ్ళూ, ఇద్దరూ కొడుకులే మరి. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. అరుగుమీద జగన్నాథం పేపరు దించాడు. “పక్కింటికి వెళ్తున్నానండీ” అన్న మాట మాణిక్యం నాలుకమీదికి వచ్చింది, ఇన్నాళ్ళ అలవాటు, దానంతటదే వచ్చింది. పెదవుల దాకా వచ్చినదాన్ని ఆమె అక్కడే ఆపింది.

చెరగాల్సిన బియ్యం సగం అలాగే ఉన్నాయి. గుమ్మం దాటుతుంటే రోకలి పొన్ను ద్వారబంధానికి తగిలి ఖంగుమంది. గోడ అవతల చెంబు చప్పుడు ఆగిపోయింది. మాణిక్యం ఎవరికీ ఏమీ చెప్పకుండా, చేరేసి ఉన్న వీధితలుపు భుజంతో తోసుకుని, మెట్లు దిగింది.